సియాటిల్ జనం ఏం చదువుతున్నారు: మామయ్యగారికి వివరం

సియాటిల్



సియాటిల్ నగరంలో ఒక మనిషి ఏ పుస్తకం పట్టుకున్నాడో తెలుసుకోవాలంటే అతన్ని అడగక్కర్లేదు. అడగడం అంత మర్యాద కూడా కాదు. బస్సులో పక్క సీటు మనిషి పుస్తకంలోకి తొంగిచూస్తే అతను నోరెత్తి ఏమీ అనడు. కాస్త పక్కకు జరిగి, పుస్తకాన్ని ఇంకాస్త పక్కకు జరుపుకుంటాడు. తెనాలి బస్సులో ఒకరు కొన్న వారపత్రికను ముగ్గురు చదివేవారు, వెనక సీట్లోంచి నాలుగో ఆయన పేజీ తిప్పమని తొందరపెట్టేవాడు. ఆ సౌకర్యం ఇక్కడ లేదు. అయినా ఊళ్లో ఏ పుస్తకం నడుస్తోందో ఊరందరికీ తెలుస్తూనే ఉంటుంది. నోరు విప్పకుండా తనకు నచ్చిన పుస్తకాన్ని ఎదుటివాడికి అంటగట్టడానికి ఈ ఊరు రకరకాల ఏర్పాట్లు చేసుకుంది. ఈ ఉత్తరం వాటి గురించే. ఉత్తరంలో ‘నేను’ అన్న మాట కనపడితే మిగతాది చదవనని మామయ్యగారు ఏనాడో షరతు పెట్టారు కాబట్టి రాసేవాడి జలుబు, జీతం, వీసా సంగతులు ఇందులో ఉండవు.

ఈ నగరాన్ని 2017లో యునెస్కో ‘సాహిత్య నగరం’గా గుర్తించింది. ఇక్కడ ఇంతగా చదవడానికి వానే కారణమని స్థానికుల నమ్మకం. వాన ఒక్కటే చాలేటట్టయితే చిరపుంజిలో వీధికో సాహిత్య అకాడమీ వెలసి ఉండాలి. అసలు కారణాలు ఇంతకంటే మామూలువి. డిసెంబరులో సాయంత్రం నాలుగున్నర కాకముందే పొద్దుగూకుతుంది. అక్కడి నుంచి నిద్రపోయేదాకా మనిషి ఏదో ఒకటి చెయ్యాలి. ఊళ్లో చదువుకున్నవాళ్లు ఎక్కువ. అన్నిటికన్నా ముఖ్యం, గ్రంథాలయాల కోసం అదనంగా పన్ను కడతారా అని ఓటు పెడితే కడతామని ఓటేసే జనం వీళ్లు. 2012లో వేశారు, 2019లో మళ్లీ వేశారు. మన దగ్గర ఇంటిపన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను ఓటు అడగకుండానే వసూలవుతుంది. వసూలైన ఆ 8 పైసలు గ్రంథాలయం గుమ్మం దాకా చేరే ప్రయాణం గురించి మామయ్యగారికి ఎవరూ చెప్పక్కర్లేదు, గ్రంథపాలకుడిగా సర్వీసంతా వారు ఆ ఫైలు వెనకాలే తిరిగారు.

ఏర్పాట్లలో మొదటిది చీటీ. 1973లో తెరిచిన ఎలియట్ బే బుక్ కంపెనీ ఈ ఊరి పుస్తకాల షాపుల్లో పేరున్నది. 2010 నుంచి కాపిటల్ హిల్ అనే పేటలో ఉంటోంది. దేవదారు చెక్క అరలు, నడిస్తే కిర్రుమనే నేల. అరల అంచున కొన్ని పుస్తకాల కింద అరచేయంత చీటీలు వేలాడుతుంటాయి. షాపులో పనిచేసేవాళ్లు తమకు నచ్చిన పుస్తకం గురించి నాలుగైదు వాక్యాలు రాసి కింద తమ పేరు పెడతారు. చీటీ రాయడంలో కొన్ని కట్టుబాట్లు కనపడతాయి. కథ చెప్పకూడదు. తిట్టకూడదు. ఏడిపించిందని రాయవచ్చు, అలా రాసిన పుస్తకాలు బాగానే పోతాయి. రోజూ వచ్చేవాళ్లు రచయిత పేరు చూడరు, చీటీ కింద పేరు చూస్తారు; ఒక ఉద్యోగి రుచి తమ రుచితో కలిసిందంటే ఇక ఆ మనిషి ఏం రాస్తే అది కొంటారు. ఆ ఉద్యోగి బిల్లు కౌంటర్లోనే కూర్చుని ఉంటాడు. అయినా కొనేవాడు అతనితో ఆ పుస్తకం గురించి మాట్లాడకుండా, చీటీ చదివి, డబ్బిచ్చి, వాతావరణం గురించి ఒక మాట అని వెళ్లిపోతాడు. మన పుస్తకాల షాపులో చీటీలు లేవు, ఉండేది యజమాని నోరే. “ఇది బాగా పోతోందండీ” అన్న ఒక్క వాక్యంతో ఆయన నవలలూ జాతకాలూ గ్రూప్ టూ గైడ్లూ సమంగా అమ్మగలడు.

ఈ చీటీ పద్ధతిని యంత్రానికి అప్పగించి చూసిన సంస్థ కూడా ఈ ప్రాంతానిదే. 1994లో పక్కనున్న బెల్‌వ్యూలో ఒక ఇంటి గరాజులో మొదలై, 1995లో పుస్తకాల అమ్మకం ప్రారంభించిన అమెజాన్, ఊళ్లలో పుస్తకాల షాపులు చాలా మూతపడ్డాక, 2015 నవంబరులో సియాటిల్‌లోనే ఒక పుస్తకాల షాపు తెరిచింది. అందులో ప్రతి పుస్తకమూ అట్ట కనపడేలా ముఖం తిప్పుకుని నిలబడేది. ప్రతి దాని కిందా చీటీ ఉండేది, కానీ చీటీ మీద షాపు ఉద్యోగి పేరుకు బదులు నక్షత్రాల లెక్క ఉండేది. దేశంలో చాలాచోట్ల అలాంటివి తెరిచి, 2022లో అన్నీ మూసేశారు. అదే సంస్థ 2013లో కొన్న గుడ్‌రీడ్స్ మాత్రం నిక్షేపంగా నడుస్తోంది. అక్కడ పాఠకుడు ఏడాది మొదట్లో ఇన్ని పుస్తకాలు చదువుతానని సంకల్పం చెప్పుకుంటాడు. డిసెంబరు వచ్చేసరికి లెక్క తక్కువైతే సన్నటి పుస్తకాలు వెతుకుతాడు. ప్రపంచంలో చిన్న నవలలకు డిసెంబరులో గిరాకీ పెరగడానికి సాహిత్య విమర్శకులు చెప్పే కారణాలు వేరే ఉండవచ్చు.

గ్రంథాలయం దగ్గరికి వస్తే విషయం పెద్దది. నగర కేంద్ర గ్రంథాలయాన్ని డచ్చి వాస్తుశిల్పి రెమ్ కూల్హాస్ బృందం రూపొందించింది. 2004 మేలో తెరిచారు. 11 అంతస్తుల గాజు భవనం. లోపల కథేతర పుస్తకాలు 4 అంతస్తుల పొడుగునా ఎక్కడా తెగని ఏటవాలు దారి వెంట ఉంటాయి; డ్యూయీ లెక్కలో 000 దగ్గర మొదలుపెట్టి నడుచుకుంటూ పోతే మెట్లు ఎక్కకుండానే 999 దగ్గర తేలవచ్చు. మామయ్యగారు తమ శాఖా గ్రంథాలయంలో 800 నుంచి 900 దాకా ఒకే బీరువాలో సర్దిన రోజులు తలచుకుంటే ఈ దారి పొడవు అర్థమవుతుంది.

కానీ జనం ఏం చదువుతున్నారో చెప్పేది ఆ భవనం కాదు, ‘హోల్డ్’ అనే క్యూ. కావలసిన పుస్తకం వేరొకరి దగ్గరుంటే దాని మీద పేరు రాయించుకోవాలి. ముందు ఎంతమంది ఉన్నారో ఫోన్‌లో కనపడుతుంది. కొత్తగా పేరు మోగిన పుస్తకానికి ఆ అంకె వందల్లో ఉంటుంది. ప్రతులు కూడా పదుల్లో కొంటారు, ఒక్కో ప్రతి మూడు వారాలకు తిరిగి వస్తుంది, కాబట్టి పాఠకుడికి భాగహారం తప్పదు. ఈ లెక్కలో తేలేదేమిటంటే, ఎండాకాలం సముద్రపు ఒడ్డున చదువుకుందామని పేరు రాయించిన నవల సంక్రాంతికి చేతికొస్తుంది. అప్పటికి ఎవరు చెబితే రాయించుకున్నాడో, ఎందుకు రాయించుకున్నాడో మనిషికి గుర్తుండదు. వద్దనడం మాత్రం మనసొప్పదు, అన్నాళ్లు వరుసలో నిలబడ్డాడు కదా. రేషను క్యూలో నిలబడి కిరోసిన్‌కు బదులు గోధుమలు వచ్చినా తెచ్చుకున్న జాతికి ఇది బోధపడని విషయం కాదు. ఈ బాధకు విరుగుడుగా గ్రంథాలయం ‘పీక్ పిక్స్’ అని ఒక అర పెట్టింది. గిరాకీ ఉన్న పుస్తకాల ప్రతులు కొన్ని అందులో ఉంటాయి. వాటికి హోల్డ్ లేదు, ఎవరు ముందొస్తే వారివే. ఆ అర ముందు మాత్రం సియాటిల్ పౌరుడు తన మర్యాదను ఒక్క క్షణం పక్కనపెట్టి నడక వేగం పెంచుతాడు.

ఎవరు ఏ పుస్తకం తీసుకున్నారన్నది ఇక్కడ రహస్యం. పాఠకుల వివరాలు తెలిసే గ్రంథాలయ రికార్డులను బయటపెట్టక్కర్లేదని వాషింగ్టన్ రాష్ట్ర చట్టమే చెబుతుంది. మామయ్యగారి కాలంలో చట్టం ఇంకోలా ఉండేది. ఫలానావారి అబ్బాయి డిటెక్టివ్ నవల పట్టుకెళ్లాడన్న సంగతి ఆ అబ్బాయి ఇల్లు చేరకముందే వాళ్ల నాన్నకు తెలిసేది. తెలియజేసిన అధికారి ఎవరో ఊరందరికీ తెలుసు.

జరిమానాల విషయంలో ఈ ఊరు 2020 జనవరిలో ఒక నిర్ణయం అమలు చేసింది. ఆలస్యానికి రుసుము తీసేశారు, పాతబాకీలూ రద్దు చేశారు. పుస్తకం అసలే తిరిగి రాకపోతే మాత్రం ఖరీదు కట్టాలి. జరిమానా చిన్నదైనా లేనివాళ్లను గ్రంథాలయానికి దూరం చేస్తోందన్నది వారు చెప్పిన కారణం. అమెరికాలో ఆలస్యానికి ఆద్యుడు మొదటి అధ్యక్షుడే. జార్జి వాషింగ్టన్ పేరు మీద 1789 అక్టోబరులో న్యూయార్క్ సొసైటీ లైబ్రరీ నుంచి అంతర్జాతీయ న్యాయం మీద ఒక పుస్తకం వెళ్లింది, వెనక్కి రాలేదు. 2010లో ఆయన ఇంటి నిర్వాహకులు అదే ముద్రణకు చెందిన మరో ప్రతి వెతికి తెచ్చి అప్పగించారు. 220 ఏళ్ల పైచిలుకు ఆలస్యానికి గ్రంథాలయం వారు ఒక్క సెంటు కూడా అడగలేదు. ఈ వార్త మామయ్యగారి దృష్టికి రాకుండా ఉంటేనే మంచిదని మొదట అనుకున్నా, వారి దగ్గర 1987లో తీసుకెళ్లిన ‘కన్యాశుల్కం’ తిరిగివ్వని పెద్దమనిషికి ఇది ధైర్యం ఇస్తుందన్న ఒక్క కారణంతో వార్తను దాచడం న్యాయం కాదు.

సియాటిల్‌లో పుస్తకం చెప్పడాన్ని ఒక విద్యగా మార్చిన మనిషి నాన్సీ పెర్ల్. వృత్తికి గ్రంథపాలకురాలు. ఊరంతా ఒకే పుస్తకం చదివితే ఎలా ఉంటుందన్న ఆలోచనను 1998లో ఆమె ఆధ్వర్యంలో అమలు చేశారు. ఎంచుకున్నది రసెల్ బ్యాంక్స్ రాసిన ‘ది స్వీట్ హియరాఫ్టర్’; ఒక చిన్న ఊళ్లో బడి బస్సు ప్రమాదం, ఆ తర్వాత ఊరి మనుషుల పరిస్థితి అందులో కథ. పండగలాంటి కార్యక్రమానికి అంత దుఃఖం ఎందుకు ఎంచారని అనిపించవచ్చు. సుఖంగా ఉన్న మనుషుల గురించి రెండు గంటలు చర్చించడం కష్టమన్నది జవాబు కావచ్చు. పథకం పారింది. 2001లో షికాగో ‘టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్’తో అందుకుంది, తర్వాత దేశమంతా పాకింది. న్యూయార్క్ కూడా 2002లో పూనుకుంది కానీ అక్కడ ఏ పుస్తకమన్నది తేలలేదు. ఒక వర్గం ఒక నవల అంది, ఇంకో వర్గం ఇంకొక పుస్తకం అంది, పట్టుదలలు పెరిగాయి, ఊరంతా ఒక పుస్తకం అన్న మాట అక్కడితో ఆగింది. ఒక సంఘం రెండు సంఘాలు కావడం ఎరిగిన తెలుగువారికి న్యూయార్క్ అంటే ఉన్న ఆత్మీయత ఇందువల్ల మరింత పెరగాలి.

2003లో సియాటిల్‌లోని ఒక ఆటవస్తువుల కంపెనీ నాన్సీ పెర్ల్ బొమ్మ తయారుచేసి అమ్మింది. వీపు వెనక మీట నొక్కితే బొమ్మ చూపుడు వేలు పెదవుల దగ్గరికి పోతుంది: నిశ్శబ్దం అని. దేశంలోని గ్రంథపాలకులు కొందరు తమ వృత్తిని వెక్కిరించారని నొచ్చుకున్నారు. ఆమె మాత్రం నవ్వుకుంది. సినిమా తారలకూ వీరులకూ తప్ప బొమ్మలు చెయ్యని దేశంలో గ్రంథాలయోద్యోగికి బొమ్మ చేశారన్నది గమనించవలసిన సంగతి. గ్రంథాలయోద్యమం నడిపిన అయ్యంకి వెంకటరమణయ్యగారికి మనం విగ్రహాలు పెట్టాం, నిజమే, కానీ వేలు కదలదు.

ఆమె చెప్పిన యాభై పేజీల సూత్రం ఇక్కడ చాలామంది పాటిస్తారు. పుస్తకానికి 50 పేజీలు అవకాశం ఇవ్వాలి. అప్పటికీ పట్టకపోతే నిస్సంకోచంగా వదిలెయ్యాలి. వయసు 50 దాటినవారికి ఇందులో సడలింపు ఉంది: 100లోంచి వయసు తీసేస్తే ఎంతొస్తుందో అన్ని పేజీలు చదివితే చాలు. మామయ్యగారికి 76 కాబట్టి ఏ రచయితకైనా వారు బాకీపడింది 24 పేజీలే. నూరేళ్లు నిండినవారు అట్ట చూసి తీర్పు చెప్పవచ్చు, సూత్రం ప్రకారం అది వారి హక్కు. సగంలో వదిలిన పుస్తకం సరస్వతికి అపచారమని పెరిగినవాళ్లకు ఇది మింగుడుపడడానికి సమయం పడుతుంది. కాలు తగిలితే కళ్లకద్దుకునే వస్తువును బాగాలేదని పక్కన పడెయ్యడం ఎట్లా? అందుకే తెలుగు ఇళ్లలో బాగాలేని పుస్తకాన్ని పక్కన పడెయ్యరు. ఎవరికైనా బహుమతిగా ఇస్తారు.

వీధి పెట్టె గురించి క్లుప్తంగా. 2009లో విస్కాన్సిన్ రాష్ట్రంలోని హడ్సన్ అనే ఊళ్లో టాడ్ బోల్ అనే ఆయన, టీచరుగా పనిచేసిన తల్లి జ్ఞాపకార్థం, బడి ఆకారంలో ఒక చెక్క పెట్టె చేసి ఇంటి ముందు గుంజకు బిగించి పుస్తకాలు పెట్టాడు. తీసుకెళ్లవచ్చు, పెట్టవచ్చు, అడిగేవారు లేరు. ఆండ్రూ కార్నెగీ డబ్బుతో కట్టిన గ్రంథాలయాలు 2,509. అంతకు మించి పెట్టెలు పెట్టాలన్నది తొలి లక్ష్యం. ఇప్పుడు ప్రపంచవ్యాప్తంగా లక్ష దాటాయి. సియాటిల్‌లో పేటపేటకూ కనపడతాయి. పెట్టెలో ఉండేవి స్థూలంగా మూడు రకాలు: అందరూ చదివేసిన హత్యల నవలలు, ఎవరూ చదవని ఆహారనియమాల పుస్తకాలు, పాతబడ్డ కంప్యూటర్ భాషల గైడ్లు. మూడో రకం ఈ ప్రాంతపు విశేషం. కృష్ణా డెల్టా కాలువల మీద 1935లో పడవలో గ్రంథాలయం నడిపిన జాతి ముందు గుంజ మీద పెట్టె పెద్ద గొప్పేమీ కాదు. పడవ ఆగిపోయింది, పెట్టె నిలబడింది, అంతే తేడా.

ఎండాకాలంలో పెద్దలకు బింగో ఆట ఉంటుంది. గ్రంథాలయమూ సియాటిల్ ఆర్ట్స్ అండ్ లెక్చర్స్ సంస్థా కలిసి నడుపుతాయి. గళ్ల కాగితం ఇస్తారు. గడికో రకం పుస్తకం. వరుస నిండితే ఒక బహుమతి పోటీ, గళ్లన్నీ నిండితే ఇంకో పోటీ. పిల్లలకు ఇలాంటివి దేశమంతటా ఉన్నాయి. 1984లో పిజ్జా హట్ మొదలుపెట్టిన పథకంలో బడిపిల్లలు టీచరు పెట్టిన లెక్క ప్రకారం చదివితే చిన్న పిజ్జా ఉచితం. తెలుగు తల్లిదండ్రులు మొదట ఈ పథకాన్ని అనుమానంగా చూస్తారు, పుస్తకం చదివినందుకు తిండి పెట్టడం వారి అనుభవంలో లేదు, చదవనందుకు మానిపించడమే ఉంది. తర్వాత అలవాటు పడి, పక్కింటి పిల్ల ఎన్ని పిజ్జాలు గెలిచిందో వాకబు చేస్తారు.

ఇన్ని ఏర్పాట్ల మీదుగా చివరికి జనం చదువుతున్నదేమిటి? అన్నిటికన్నా ఎక్కువ చేతుల్లో కనపడేవి డ్రాగన్లున్న ప్రేమకథలు. రెబెకా యారోస్ రాసిన ‘ఆనిక్స్ స్టార్మ్’ 2025 జనవరిలో వచ్చిన మొదటి వారంలోనే 27 లక్షల ప్రతులు అమ్ముడుపోయింది. యుద్ధవిద్యల కళాశాల, రెక్కల జంతువులు, మధ్యలో ప్రేమ. మన జానపద సినిమాలో రాజకుమారుడు రెక్కల గుర్రమెక్కితే వెక్కిరించిన పట్నవాసులు ఇప్పుడు దీన్ని ఆఫీసు బ్యాగులో పెట్టుకుని తిరుగుతున్నారు. ఆ రాజకుమారుడి వేషాలు వేసిన కాంతారావుగారు కాస్త ముందు పుట్టారంతే.

రెండో వర్గం గంభీరమైనది. పెర్సివల్ ఎవరెట్ రాసిన ‘జేమ్స్’, మార్క్ ట్వెయిన్ కథలోని బానిస జిమ్ తన కథ తాను చెప్పుకునే నవల. 2025లో పులిట్జర్ వచ్చింది. పాత కథను పక్కనున్న పాత్ర వైపు నుంచి తిరగరాయడం రామాయణాన్ని సీత వైపు నుంచీ శూర్పణఖ వైపు నుంచీ చదివిన తెలుగువారికి కొత్త కాదు కానీ, ‘జేమ్స్’ చేసే పని పదునైనది. జిమ్ మాట్లాడే మొరటు భాష తెల్లవారి ముందు వేసే వేషమనీ, తనవాళ్ల మధ్య అతను శుభ్రమైన ఇంగ్లీషు మాట్లాడతాడనీ మొదట్లోనే తెలుస్తుంది. అమెరికన్ ఆఫీసులో ఒక యాస, ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఇంకో యాస మాట్లాడేవాళ్లు ఆ పేజీల దగ్గర కాసేపు ఆగుతారు, కష్టాలకు పోలిక లేదన్నది ఒప్పుకుంటూనే.

ఊరికి సొంతమైన పుస్తకాలు వేరు. డేనియల్ జేమ్స్ బ్రౌన్ రాసిన ‘ది బాయ్స్ ఇన్ ది బోట్’ 2013 నాటిదైనా ఇంకా చేతులు మారుతూనే ఉంది. ఇక్కడి వాషింగ్టన్ విశ్వవిద్యాలయం పడవ జట్టు, పేదింటి కుర్రాళ్లు, 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో హిట్లర్ చూస్తుండగా గెలిచిన సంగతి. అంతకంటే వింత ఆదరణ షెల్బీ వాన్ పెల్ట్ నవల ‘రిమార్కబ్లీ బ్రైట్ క్రీచర్స్’ది. 2022లో వచ్చింది. ఇక్కడి సముద్రపు పాయ ఒడ్డున ఒక కల్పిత ఊరు, అందులో చేపల ప్రదర్శనశాల, రాత్రిపూట నేల తుడిచే డెబ్బై ఏళ్ల వితంతువు. కథలో కొంత భాగం చెప్పేది తొట్టెలో ఉన్న ఆక్టోపస్. దానికి మనుషుల మీద అంత మంచి అభిప్రాయం లేదు. ఎనిమిది కాళ్ల ప్రాణి వేదాంతం చెబుతుంటే ఈ ఊరివాళ్లు కళ్లొత్తుకుంటూ చదివారు. పంచతంత్రంలో కాకులూ తాబేళ్లూ రాజనీతి మాట్లాడటం చిన్నప్పుడే వినేసినందువల్ల మనవాళ్లు ఆక్టోపస్‌ను ఆశ్చర్యం లేకుండా ఒప్పుకుని, ఆ వితంతువు కొడుకు ఏమయ్యాడన్న అసలు విషయానికి తొందరగా వెళ్లారు.

భారతదేశం నుంచి వచ్చిన కథలకూ చోటుంది. ఏబ్రహాం వర్గీస్ ‘ది కవెనంట్ ఆఫ్ వాటర్’ 2023లో ఓప్రా విన్‌ఫ్రే పుస్తక బృందానికి ఎంపిక అయ్యాక క్యూ అమాంతం సాగింది. కేరళలో ప్రతి తరంలోనూ ఒకరు నీటిలో పోయే కుటుంబం, 700 పేజీలకు పైన. 2025లో కన్నడ రచయిత్రి బాను ముష్తాక్ కథలకు దీపా భస్తి ఇంగ్లీషు అనువాదం ‘హార్ట్ ల్యాంప్’ అంతర్జాతీయ బుకర్ గెలిచింది. తెలుగుకు ఆ భోగం ఎప్పుడన్న ప్రశ్న ఆ వారం ప్రతి తెలుగు ఇంట్లోనూ వినపడింది. అనువాదాలు ఎవరు చేస్తారన్న ప్రశ్న అంతగా వినపడలేదు. తెలుగువారి సంగతులతో ఇంగ్లీషులోనే వచ్చి అమెరికన్లు చదివిన పుస్తకం సుజాత గిడ్ల ‘యాంట్స్ అమాంగ్ ఎలిఫెంట్స్’. 2017లో వచ్చింది. న్యూయార్క్ సబ్‌వేలో కండక్టరుగా పనిచేస్తూ రాసింది. అందులో ప్రధాన పాత్ర ఆమె మేనమామ కె.జి. సత్యమూర్తి, తెలుగు కవిత్వంలో శివసాగర్. మేనమామ మీద ఇంత పుస్తకం రావాలంటే ఆ మేనమామ కూడా ఆ స్థాయిలో బతికి ఉండాలి. ఈ వాక్యంలో ఎవరినీ ఉద్దేశించలేదు.

పుస్తక చర్చా బృందాలు ఇక్కడ అసంఖ్యాకం. నెలకొకసారి ఒకరింట్లో కలుస్తారు. ద్రాక్షసారాయి, జున్ను ముక్కలు తప్పనిసరి. పుస్తకం చదివి రావడం అభిలషణీయం. చదవనివాళ్లు మొదటి పది నిమిషాలు తలాడిస్తారు, తర్వాత మాట పిల్లల బడుల మీదికి, ఇళ్ల ధరల మీదికి మళ్లాక వాళ్లూ సమానంగా పాల్గొంటారు. ఈ తంటా ఏమీ లేకుండా 2012లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇద్దరు స్నేహితురాళ్లు నిశ్శబ్ద పుస్తక బృందం మొదలుపెట్టారు. ఒక చోట కూర్చుని ఎవరి పుస్తకం వారు గంటసేపు చదువుకుని లేస్తారు. దీనికి ప్రపంచమంతటా శాఖలు వచ్చాయి. వివరాలన్నీ విన్న ఒక తెలుగు పెద్దావిడ, సందర్శక వీసా మీద వచ్చిన మనిషి, దీనికి బృందం ఎందుకని అడిగింది. ఎవరి దగ్గరా సమాధానం లేదు.

రెడ్‌మండ్, బెల్‌వ్యూ, సమామిష్, బాథెల్ పరిసరాల్లో స్థిరపడిన తెలుగువారి పద్ధతి పైవాటిలో దేనికీ చెందదు. ఇక్కడ సిఫారసు నోటితోనే. సగటు తెలుగువాడు పుస్తకం బాగుందని చెప్పి ఊరుకోడు, కథ చెబుతాడు. ఇంటర్వెల్ ఎక్కడ పడుతుందో చెబుతాడు. ముగింపు చెప్పనంటూ చెబుతాడు. సినిమా తీస్తే ఎవరు వెయ్యాలో కూడా తేల్చాక, తప్పకుండా చదవమంటాడు. విన్నవాడికి ఇక చదవవలసినదేమీ మిగలదు కాబట్టి, అతను ఇంకొకరికి చెప్పడానికి బయల్దేరతాడు. ఒక్క ప్రతితో యాభైమంది పాఠకులను సాధించే ఈ విధానంలో హోల్డ్ లేదు, జరిమానా లేదు, రచయితకు ఆదాయం కూడా లేదు.

తెలుగు పుస్తకం అమెరికా చేరేది పెట్టెలో. విమానం పెట్టెకు 23 కిలోలు. అందులో ఆవకాయ, పొడులు, అరిసెలు, చీరలు సర్దాక మిగిలిన సందు పుస్తకానిది. విమానాశ్రయం కాటా మీద ముల్లు దాటితే మొదట బయటికొచ్చేది అదే, సాగనంపడానికి వచ్చిన బావమరిది దాన్ని తిరుగుబస్సులో చదువుకుంటూ ఇంటికి పోతాడు. ఆవకాయ జాడీ తీసి పుస్తకం ఉంచిన ప్రయాణికుడు ఇంతవరకు నమోదు కాలేదు. పెట్టెలో రానిది వాట్సాప్‌లో పీడీఎఫ్‌గా వస్తుంది. ఎవరైనా ఒక నవల పేరెత్తితే చాలు, పీడీఎఫ్ ఉందా అన్నది తొలి సాహిత్య విమర్శ. రచయితలకు అన్యాయం జరుగుతోందని పెద్ద సందేశం రాసే మనిషి కూడా ముందు దించుకుని తర్వాత రాస్తాడు.

ఇంత చేసే ఇదే జనం తెలుగు నవలకు అసలైన మేలు కూడా చేశారు. ఉత్తర అమెరికా తెలుగు సంఘమైన తానా నవలల పోటీలో 2017లో బహుమతి పొందిన బండి నారాయణస్వామి ‘శప్తభూమి’కి తర్వాత 2019లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. 2019 పోటీలో గెలిచిన సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి ‘కొండపొలం’ 2021లో సినిమా అయింది. కరువులో గొర్రెల మందలను నల్లమల అడవిలోకి తోలుకుపోయే కాపరుల కథకు డాలర్లలో బహుమతి వెళ్లింది. ఆ డబ్బులో భాగమున్నవారిలో చాలామంది గొర్రెను మాంసం దుకాణంలో తప్ప చూసి ఉండరు, అయినా కథ పట్టుకున్నారు. గత కొన్నేళ్లలో ఇక్కడ తెలుగులో ఎక్కువమంది నిజంగా చదివి, మళ్లీ మాట్లాడుకున్న నవల అదే. సినిమా వచ్చాక మాత్రం నవలే బాగుందనేవాళ్ల సంఖ్య నవల చదివినవాళ్ల సంఖ్యను దాటింది.

ఆ నవల ప్రతులు రెండు రెడ్‌మండ్‌లో బయల్దేరి ఇంటింటికీ తిరుగుతూ, సమామిష్‌లో ఒకటి, బాథెల్‌లో ఒకటి ఆచూకీ తెలియకుండా పోవడంతో ఎరువు పుస్తకాలకు ఒక పద్ధతి ఉండాలన్న మాట వచ్చింది. రిజిస్టరు పెట్టుకుంటే చాలని ఎవరో అన్నారు. రిజిస్టరు రాసేవాడు అందరికీ శత్రువవుతాడని ఇంకొకరు అన్నారు. ఇది మామయ్యగారి సర్వీసు రికార్డు చూసినా రుజువవుతుంది. అంతా కంప్యూటర్ నిపుణులే కనుక యాప్ తయారుచేయాలని తీర్మానించారు. ముగ్గురు కూర్చుని చేశారు. చక్కగా వచ్చింది. హోల్డ్ పెట్టుకోవచ్చు, గడువు దగ్గరపడితే గుర్తుచేస్తుంది, నక్షత్రాలు ఇవ్వవచ్చు, రాత్రిపూట తెర నల్లబడుతుంది. సభ్యులు రెండు వందలకు పైగా చేరారు. పుస్తకాలు నాలుగు ఉన్నాయి. అందులో రెండు యాప్ చేసినవాళ్లవి, ఒకటి యండమూరి నవల, నాలుగోది తెలుగు పంచాంగం, అదీ కిందటి ఏడాదిది. దానికి హోల్డ్‌లో పదకొండుమంది ఉన్నారు.

ఇట్లు,
మీ మేనల్లుడు

తా.క. అత్తయ్యగారు ఈసారి కారప్పొడి తగ్గించి పంపినా ఇక్కడ ఎవరూ ఏమీ అనుకోరు. మిగిలే చోటు సుమారు కిలోన్నర. ‘శప్తభూమి’ అందులో పడుతుంది.